బడిపంతులు గెలిచిన స్వర్ణము

“బతకలేక బడిపంతులు” అని మనవారిలో ఒక సామెత కలదు. దీనిని పుట్టించినవారు పంతులను గూర్చి చెప్పినదానికంటె తమ సంఘమును గూర్చియే యెక్కువ చెప్పుకొనిరి. విద్య నేర్పువాని వృత్తిని కడపటి దిక్కుగా నెంచు సంఘము, ఆ వృత్తివలన గలిగిన ఫలమును తనదని చాటుకొనుటకు మాత్రము సంకోచింపదు. ఇందుకు దృష్టాంతముగా 1962వ సంవత్సరమున జకార్తా నగరమందు జరిగిన నాలుగవ ఆసియా క్రీడోత్సవములలో భారతదేశపు ఫుట్‌బాలు జట్టు పొందిన స్వర్ణపతకముయొక్క చరిత్రను పాఠకుల యెదుట నుంచదలచితిమి. ఆ విజయమును గూర్చి వినినవారు కలరు; తుదిపోటీలో గోలు వేసినవారి పేర్లు చెప్పగలవారును కలరు. కాని దాని విత్తనము జకార్తాలో గాక, అంతకు చాల యేండ్ల పూర్వమే హైదరాబాదు పాఠశాలల ఆటస్థలములందు నాటబడినదను సంగతి తలచువారు అరుదు.

యుద్ధచరిత్రలు వ్రాయువారు జయదినమును విస్తరించి వర్ణించి, సేనను కూర్చిన సంవత్సరములను ఒక వాక్యముతో దాటిపోవుదురు. క్రీడల చరిత్రయు అట్లే వ్రాయబడుచున్నది. తొంబది నిమిషముల ఆట కన్నులకు కనబడును. దాని వెనుక నున్న ఇరువదియేండ్ల పాటు కనబడదు. కనబడనిదానిని కనబరచుటయే చరిత్రకారుని పని యని మా యభిప్రాయము.

ఆసియా క్రీడాసమాఖ్య 1949వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఢిల్లీయందు ఏర్పడెను. చిరకాలము పరపాలనమందుండి అప్పుడప్పుడే తలయెత్తుచున్న దేశములు, తమలో తాము కలిసికొనుటకు ఒక వేదిక కావలెనని తలచినవారిలో మన గురుదత్తు సోంధీగారు ముఖ్యులు. తొలి యుత్సవములు 1951వ సంవత్సరము మార్చి నెలలో ఢిల్లీలోనే జరిగెను. పదునొకండు దేశములవారు వచ్చిరి. ఫుట్‌బాలునందు మన జట్టు ఇండొనీషియాను 3-0 గాను, అఫ్‌గానిస్థానమును 3-0 గాను ఓడించి, తుదిపోటీలో మేవాలాల్ గారు వేసిన ఒకే గోలుతో ఇరానును జయించెను. శైలేన్ మన్నాగారు నాయకులు. ఆ జట్టునకు శిక్షకులు హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. జకార్తాలోను శిక్షకులు వారే. ఈ రెండు స్వర్ణములే తప్ప ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునకు మనకు వేరు స్వర్ణము నేటివరకు లేదు.

రహీముగారు 1909వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటి జట్టులో ఆడి, పిమ్మట ఉపాధ్యాయులైరి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పని చేసిరి. వ్యాయామవిద్యలో ప్రత్యేకముగా తర్ఫీదు పొంది, ఆటస్థలమునే తమ తరగతిగా చేసికొనిరి. 1940 దశకమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950 మొదలు తుదివరకు నగర పోలీసు జట్టునకు శిక్షకులుగా నుండిరి.

వారు పిల్లలకు ఏర్పరచిన పోటీలే వారి బోధనాపద్ధతికి సాక్ష్యము. ఒక పోటీలో ఆటగాడు తనకు వాలయిన కాలితో బంతిని తన్నరాదు. రెండవ కాలినే వాడవలెను. మరియొక పోటీలో బంతిని తన పాదములయొద్ద నిలుపుకొని అటునిటు త్రిప్పుచు ముందునకు పోరాదు. అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. ఇంకొకదానిలో ఇంత యెత్తునకు మించినవారికి ప్రవేశము లేదు. పొట్టిపిల్లవానికిని బంతి అందవలెనుగదా! చూచుటకు ఇవి పిల్లచేష్టలవలె నుండును. కాని విచారించినచో ఒక్కొక్క నియమము ఒక్కొక్క దోషమునకు మందు. వాలయిన కాలిమీదనే ఆధారపడుట సోమరితనము. ప్రత్యర్థి దానిని కనిపెట్టినంతనే ఆటగాడు సగము కుంటివాడగును. బంతిని వదలకుండుట స్వార్థము. ప్రేక్షకుల చప్పట్లు ఒకనికి దక్కును, ఓటమి పదునొకండుగురికి దక్కును. బలిసినవారికే చోటిచ్చుట అన్యాయము. అందువలన రేపటి ఆటగాడు నేడే ఇంటికి పోవును. ఈ మూడు దోషములు ఫుట్‌బాలునకే చెందినవా, మన సంఘమున మరెచ్చటనైన కలవా యను ప్రశ్నకు ప్రత్యుత్తరము పాఠకులే చెప్పుకొందురు గాక!

ఈ పద్ధతి ఫలించెను. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. 1950లో మోహన్ బగాను జట్టును ఓడించి డ్యూరాండు కప్పును తెచ్చెను. కలకత్తాయే ఫుట్‌బాలునకు కాణాచి యని నమ్మిన దేశము దక్షిణమువైపు తిరిగి చూచెను. హైదరాబాదు 1956, 1957 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఈ నేలమీద పుట్టి పెరిగిన నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరాముగార్లు దేశపు జట్టులో స్థానము పొందిరి. బలరాముగారు సికిందరాబాదు దగ్గరి పేదకుటుంబమువారు. తమ ఊరినుండి హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుటకు డబ్బు లేదని చెప్పగా, బాడుగ సైకిలునకు పైకము రహీముగారే ఇచ్చెడివారని ఆయన పిమ్మట చెప్పుకొనిరి. బాడుగ సైకిలునకైన ఆ చిల్లర యే ప్రభుత్వపు లెక్కలలోను కనబడదు. కాని జకార్తా స్వర్ణమునకైన వ్యయమును లెక్కించువారు మొదట వ్రాసికొనవలసిన పద్దు అదియే.

ఇక పరాజయముల మాట. జయములవలననే జాతి నేర్చుకొనునని తలచుట పొరపాటు. 1948వ సంవత్సరమున లండను ఒలింపిక్ క్రీడలలో మనవారు ఫ్రాన్సు చేతిలో 2-1 గా ఓడిరి. ఆడినవారిలో పెక్కురు ఉత్తకాళ్లతో ఆడిరి. ఓడినను అచ్చటి ప్రజలు వారిని వింతగా చూచి మెచ్చుకొనిరి. ఆ మెప్పు మనకు మేలు చేయలేదని మా తలంపు. లేమివలన వచ్చిన అలవాటును గొప్పతనముగా నెంచు దుర్బుద్ధిని అది మనకు నేర్పెను. 1952లో హెల్సింకి నగరమున యుగొస్లావియా మనలను 10-1 గా ఓడించెను. ఆ చలిదేశపు నేలమీద ఉత్తకాళ్లు నిలువలేదు. అప్పుడుగాని మన ఫుట్‌బాలు అధికారులు జోళ్లను నిర్బంధము చేయలేదు. పూర్వాచారమని, మన పద్ధతి యని, పరులు మెచ్చిన విశేషమని యెన్ని పేర్లు పెట్టినను, కాలమునకు నిలువని యాచారము ఏదో యొకనాడు పదిమందిలో మనలను తలవంచుకొనునట్లు చేయును. జోళ్లు కొనలేని పిల్లవానిని నిందించుట మా యుద్దేశము కాదు. కొనియీయవలసిన పెద్దలు కొనియీయక వాని యుత్తపాదములను కీర్తించుటయే నింద్యము.

హెల్సింకిలోను శిక్షకులు రహీముగారే. ఆ యోటమిని వారు దాచుకొనలేదు, పాఠముగా గైకొనిరి. జట్టును నిలువబెట్టు పాతకాలపు తీరును మార్చి, వెనుకవరుసను బలపరచి, యూరపునందు అప్పుడు క్రొత్తగా వచ్చుచున్న పద్ధతులను మనవారికి నేర్పిరి. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో మనవారు ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని 4-2 గా ఓడించిరి. నెవిల్ డిసౌజాగారు ఆనాడు మూడు గోలులు వేసిరి. జట్టు నాలుగవ స్థానమును పొందెను. 1960లో రోము నగరమున హంగరీతో 2-1 గా ఓడినను, ఫ్రాన్సుతో 1-1 గా సమానముగా నిలిచిరి. పది గోలులు తిన్న దేశము ఎనిమిదేండ్లలో ఇంత దూరము వచ్చెను. ఇది అదృష్టము కాదు, చదువు.

ఈ పీఠికతో జకార్తా చేరుదము. 1962వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీని ఉత్సవములు ప్రారంభమయ్యెను. ఇండొనీషియా ప్రభుత్వము రాజకీయకారణములచేత ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని రానీయలేదు. ఇట్లు కొందరిని బహిష్కరించుట సమాఖ్య నియమములకు విరుద్ధమనియు, ఈ యుత్సవములకు ఆసియా క్రీడలను పేరు చెల్లదనియు సోంధీగారు వాదించిరి. నియమమును బట్టి చూడగా వారి వాదము సరియైనదే. కాని అతిథిగా పోయినవాడు ఆతిథేయుని తప్పెన్నునప్పుడు కలుగు కోపము నియమములను చదువదు. జకార్తాలో జనులు గుంపులుగా లేచి మన రాయబార కార్యాలయముమీద పడిరి. ఆ వాదమున ఏ పాలును లేని ఆటగాండ్రు దాని ఫలమును అనుభవింపవలసి వచ్చెను. భారతజట్టు కనబడినచోటనెల్ల ప్రేక్షకులు ఎగతాళి చేయుచు కేకలు వేయసాగిరి.

ఆటలోను ఆరంభము శుభముగా లేదు. మొదటి పోటీలో దక్షిణ కొరియావారు మనలను 2-0 గా ఓడించిరి. 1956, 1960 సంవత్సరములలో ఆసియా కప్పును గెలిచిన జట్టు వారిది. పిమ్మట మనవారు థాయిలాండును 4-1 గాను, జపానును 2-0 గాను ఓడించిరి గాని, థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసకు ప్రాణమువంటి జర్నైల్ సింగుగారికి తల పగిలి కుట్లు పడెను. గోలుకీపరు పీటర్ తంగరాజుగారు జ్వరముతో మంచము పట్టిరి. ఉపాంత్యపోటీలో దక్షిణ వియత్నాముతో తలపడవలసి వచ్చినప్పుడు రహీముగారు ఎవరు నూహింపని పని చేసిరి. తలకు కట్టుతో నున్న జర్నైల్ సింగుగారిని వెనుకవరుసనుండి తీసి ముందువరుస నడుమ నిలిపిరి. ఆయన కళాశాలలో చదువు దినములలో ముందువరుసలో ఆడినవారను సంగతి రహీముగారు మరువలేదు. శిష్యుని పూర్వచరిత్ర నెరిగియుండుటయే ఉపాధ్యాయుని లక్షణము. జర్నైల్ సింగుగారు ఒక గోలును, నాయకులగు చునీ గోస్వామిగారు రెండు గోలులను వేయగా మనవారు 3-2 గా గెలిచిరి.

సెప్టెంబరు 4వ తేదీని తుదిపోటీ. ఎదుట మరల దక్షిణ కొరియావారే. లక్షమందికి సమీపమైన ప్రేక్షకులలో మనవారిని మెచ్చువారు దాదాపు లేరు. మన జాతీయగీతము వినబడునప్పుడును కేకలు మానలేదు. ఆ సమూహమున మన పక్షమున చప్పట్లు కొట్టినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మన ఆటగాండ్రే కృతజ్ఞతతో చెప్పుకొనిరి. పోటీకి ముందు రహీముగారు శిష్యులను కూర్చుండబెట్టుకొని, తమకొక కానుక కావలెననియు, ఆ కానుక స్వర్ణపతకమే యనియు కోరిరని వారు జ్ఞాపకము చేసికొనిరి. అప్పటికే రహీముగారి శరీరమును వ్యాధి తినుచుండెను.

పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీగారు మొదటి గోలు వేసిరి. మూడు నిమిషములకు జర్నైల్ సింగుగారు రెండవది వేసిరి. జ్వరమునుండి లేచివచ్చిన తంగరాజుగారు గోలును కాచిరి. ఆట ముగియవచ్చునప్పుడు కొరియావారు ఒక గోలు వేసిరి గాని అంతటితో సరి. 2-1 గా మనకు జయము కలిగెను. పదిదినములక్రిందట తమ్ము ఓడించినవారినే మనవారు ఓడించిరి.

ఆనాడు రంగమున నిలిచినవారిని ఒకమారు పరికింతము. గోలును కాచినవాడు హైదరాబాదులో పుట్టిన క్రైస్తవుడు. తలకు కట్టుతో గోలు వేసినవాడు పంజాబు సిక్కు. నాయకుడు వంగదేశపు బ్రాహ్మణుడు. బలరాముగారును, యూసుఫ్ ఖానుగారును మన జంటనగరముల బిడ్డలు. నడిమివరుసలో ఆడిన ఫార్చునాటో ఫ్రాంకోగారు గోవావారు. గోవా భారతదేశమున చేరి అప్పటికి సంవత్సరమైనను కాలేదు. వీరందరికి గురువు ఒక ముసల్మాను బడిపంతులు. వీరిని కలిపినది ఉపన్యాసము కాదు. బంతి అందిన వెంటనే తోటివానికి అందింపవలెనను చిన్న నియమము. ఐకమత్యమును గూర్చి వేదికలమీద మేమును మాటాడియున్నాము, మీరును వినియున్నారు. అలవాటుగా మారని ఐకమత్యము మాటయందే నిలిచిపోవును.

రహీముగారు 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీని క్యాన్సరు వ్యాధివలన మరణించిరి. శిష్యులిచ్చిన కానుకను కన్నులార చూచిన తరువాత వారు తొమ్మిది నెలలు మాత్రమే జీవించిరి. 1970లో బాంకాకు నగరమున హైదరాబాదీయుడగు సయ్యద్ నయీముద్దీను గారి నాయకత్వమున మనవారు కాంస్యపతకము పొందిరి. అదియే కడపటి పతకము. 1982లో మన ఢిల్లీలోనే ఉత్సవములు జరిగినను, సౌదీ అరేబియా చేతిలో 1-0 గా ఓడి మనవారు మధ్యలోనే నిలిచిపోయిరి. 2002 మొదలు ఈ పోటీ ఇరువదిమూడేండ్లలోపు యువకులకు, కొలదిమంది పెద్దలకు మాత్రమే పరిమితమైనది. 2023లో చైనాలోని హాంగ్జౌ నగరమునను సౌదీ అరేబియాయే 2-0 గా మనదారి నడ్డగించెను.

ఇట్లు క్షీణించుటకు కారణమేమి? ఒక్క మనుష్యుడు పోయినందున అంతయు పోయెనని చెప్పుట సులభము; కాని అది చరిత్ర కాదు. మరియొక దేశపు నడకను పోల్చి చూడుడు. జకార్తాలో మన చేతిలో 2-0 గా ఓడిన జపానువారికిని అప్పుడొక ఉపాధ్యాయుడు కలడు. 1960లో వారు జర్మనీనుండి డెట్మార్ క్రామర్ అను శిక్షకుని రప్పించిరి. ఆయన చెప్పిన మాటలను వారు ఆయనతోడనే సాగనంపలేదు. శిక్షకులకే శిక్షణ మొదలుపెట్టిరి. 1965లో దేశమంతటికి ఒక లీగు ఏర్పరచిరి. 1968లో మెక్సికో ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము పొందిరి. 1998 మొదలు ప్రపంచకప్పు పోటీలన్నిటియందును వారికి స్థానము దొరకినది. మన గురువు వారి గురువునకు తీసిపోయినవాడు కాడు. జకార్తాయే అందుకు సాక్ష్యము. భేదమెచ్చటననగా, వారు గురువుయొక్క బుద్ధిని సంస్థగా మార్చుకొనిరి. మనము గురువును పాతిపెట్టినప్పుడు బుద్ధినికూడ పాతిపెట్టితిమి. ఎడమకాలి పోటీలను, పొట్టిపిల్లల పోటీలను హైదరాబాదులో జరిపిన ఆ పద్ధతిని ప్రతి జిల్లాకు వ్యాపింపజేసి యుండినచో ఏమి జరిగెడిదో చెప్పజాలము. వ్యాపింపజేయలేదని మాత్రము చెప్పగలము.

2024లో వారి చరిత్రను ఒక హిందీ చలనచిత్రముగా తీసిరి. మంచిదే. కాని గురుదక్షిణ నాటకశాలలో చెల్లించునది కాదు. మన పాఠశాలల స్థితి చూడుడు. పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. మన పట్టణములలో ఎన్ని పాఠశాలలు అంగళ్లమీది మేడలలో నడచుచున్నవో వీధిని పోవువారెల్ల చూచుచునేయున్నారు. ఆటస్థలమున్నచోట డ్రిల్లు మాష్టరు లేడు. డ్రిల్లు మాష్టరున్నచోట పరీక్షలు దగ్గరపడినవని అతని గంటను గణితమునకు ఇచ్చివేయుదురు. ఆటలు చదువునకు చేటని తల్లిదండ్రుల నమ్మకము. బాలికల సంగతి చెప్పనేల? వారికి ముంగిలియే ఆటస్థలము, పదియేండ్లు నిండగానే అదియును లేదు. అయినను నిజామాబాదు జిల్లానుండి వచ్చిన గుగులోతు సౌమ్యగారు భారత మహిళాజట్టున ఆడిరి. అవకాశమిచ్చినచో ఏమగునో చూపుటకు ఆమె యొక్కతె చాలును. అవకాశమందని వారెందరో లెక్కించుటకు మాత్రము మనకు సాహసము లేదు.

మేము పతకములకొరకు ఆటలు కావలెనని చెప్పుటలేదు. నూరుమంది పిల్లలలో తొంబదితొమ్మండుగురు ఏ పతకమును చూడరు. కాని తన బలహీనమైన కాలిని అభ్యసించినవాడు తన లోపమును సిగ్గుపడక చూచుకొనుట నేర్చును. బంతిని తోటివానికి అందించినవాడు వాని కులమడుగుట మరచును. మొదటి పోటీలో ఓడి, కడపటి పోటీలో అదే ప్రత్యర్థి ముందు నిలిచినవాడు నిరాశను జయించును. ఈ మూడు పాఠములకు తగిన పుస్తకము మన పాఠ్యపుస్తకములలో లేదు. వానికి కావలసినవి కొంత నేల, ఒక బంతి, ఒక పంతులు.

నేలయు బంతియు ధనముతో దొరకును. పంతులు గౌరవముతోగాని దొరకడు. ఈ మాట నమ్మిన తల్లిదండ్రులు తమ గ్రామపు పాఠశాలకు పోయి, డ్రిల్లు గంట ఏనాడో, ఎవరు నడపుచున్నారో ఒకమారు విచారింపుడని వేడుచున్నాము. అట్లు విచారించు తల్లిదండ్రులు పదిమంది ఉన్న ఊరిలో మన పాత సామెతను చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. ఆ సిగ్గే రహీముగారికి మనము చెల్లింపగల మొదటి దక్షిణ.